లైట్ సరే అంటోంది, ఇంజన్ కాదంటోంది

ప్రశ్న: నా దగ్గర పడవ వెనక బిగించే 1980ల నాటి 25 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటార్ ఉంది. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్, సీడీఐ (కెపాసిటర్‌లో నిల్వ చేసిన కరెంటుతో స్పార్క్ ఇచ్చే) ఇగ్నిషన్. రెండు నెలల క్రితం నీళ్లలో మునిగి ఉన్న దుంగకు ప్రొపెల్లర్ తగిలి ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. ప్రొపెల్లర్ మార్చాను. అప్పటి నుంచి స్టార్ట్ చేయడానికి తాడు లాగితే చేతిని ఎదురు తంతోంది. ఫుల్ థ్రాటిల్‌లో పాత వేగం రావడం లేదు, పైగా డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. కార్బురేటర్లు రెండుసార్లు శుభ్రం చేయించాను, ప్లగ్గులు కొత్తవి వేశాను. స్పార్క్ పడే వేళను చూపే టైమింగ్ లైట్ పెట్టి చూస్తే ఫ్లైవీల్ మీది గీత సరిగ్గా మాన్యువల్ చెప్పిన చోటే కనిపించింది. అయినా అడ్వాన్స్‌కు, అంటే స్పార్క్ ఎంత ముందుగా రావచ్చో దానికి, హద్దు పెట్టే స్టాప్ స్క్రూ తిప్పి టైమింగ్‌ను 4 డిగ్రీలు తగ్గిస్తే ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ కొంచెం మెరుగైంది. తాడు తన్నడం మాత్రం తగ్గలేదు. ఇప్పుడు లైట్‌ను నమ్మాలా, చెవిని నమ్మాలా? స్క్రూ ఇంకా ఎంత తిప్పవచ్చు? మా బావగారి దగ్గర ఇంకా పాతది, సీడీఐ బదులు కలుస్తూ విడిపోతూ ఉండే లోహపు పాయింట్లతో స్పార్క్ ఇచ్చే ఇంజన్ ఉంది. దానికీ ఇదే పద్ధతా?

సమాధానం: ముందు ఒక విన్నపం. ఆ స్క్రూను ఇక తిప్పకండి. ఈ సంగతి తేలేదాకా ఫుల్ థ్రాటిల్ కూడా ఇవ్వకండి. మీరు రాసిన గులకరాళ్ల చప్పుడు చాలా వరకు డిటొనేషన్ చప్పుడే. అంటే సిలిండర్‌లోని మిశ్రమం వరసగా మండకుండా ఒక్కసారిగా పేలుతోందన్నమాట. అది కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ అంచును కొరికేయగలదు.

ఇక లైటా, చెవా అన్నది. మీ విషయంలో రెండూ నిజమే చెబుతున్నాయని నా నమ్మకం. లైట్ ఒక సంగతి చెబుతోంది, మీరు దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా తీసుకున్నారు.

మీ ఇంజన్‌లో స్పార్క్ ఎలా పుడుతుందో ఒకసారి చూడండి. క్రాంక్‌షాఫ్ట్ పైకొసన తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీల్, దాని లోపల అయస్కాంతాలు ఉంటాయి. దాని కింద టైమర్ బేస్ అనే తిరిగే పలక మీద ట్రిగర్ కాయిల్ ఉంటుంది. అయస్కాంతం ట్రిగర్‌ను దాటిన క్షణంలో సీడీఐ యూనిట్ తనలో నిల్వ ఉన్న కరెంటును ఇగ్నిషన్ కాయిల్‌కు వదులుతుంది, ప్లగ్ మెరుస్తుంది. ఆ క్షణంలోనే మీ టైమింగ్ లైట్ కూడా మెరిసి, ఫ్లైవీల్ మీది గీత ఇంజన్ మీద కదలకుండా ఉండే ముల్లుకు ఎదురుగా ఎక్కడుందో చూపిస్తుంది. గీత ఉన్నది ఫ్లైవీల్ మీద, అయస్కాంతాలు ఉన్నదీ అదే ఫ్లైవీల్‌లో. క్రాంక్‌షాఫ్ట్ మీద ఫ్లైవీల్ 5 డిగ్రీలు జరిగితే గీత, అయస్కాంతాలు కలిసే జరుగుతాయి. వాటి మధ్య దూరం మారదు కాబట్టి లైట్‌లో ఏ తేడా కనిపించదు. కానీ లోపల పిస్టన్ కనెక్టింగ్ రాడ్ ద్వారా క్రాంక్‌షాఫ్ట్‌తో ముడిపడి ఉంది, ఫ్లైవీల్‌తో కాదు. దాని లెక్కన స్పార్క్ 5 డిగ్రీలు ముందే వచ్చేస్తుంది. లైట్‌కు పిస్టన్ కనిపించదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఇదే లైట్‌ను నమ్మి ఒక ఇంజన్ మీద రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఇగ్నిషన్ భాగాలు ఒక్కొక్కటిగా మార్చాను, కార్బురేటర్ మూడుసార్లు విప్పాను. చివరికి ఫ్లైవీల్ తీస్తే కీ, అంటే షాఫ్ట్ మీద ఫ్లైవీల్ కూర్చోవాల్సిన చోటు చూపే చిన్న లోహపు ముక్క, సగం తెగి ఉంది. అందుకే మీ ఉత్తరంలో దుంగ మాట చదవగానే నా ఆలోచన నేరుగా అక్కడికే వెళ్లింది.

ప్రొపెల్లర్ దుంగకు తగిలి ఆగితే గేర్ల ద్వారా క్రాంక్‌షాఫ్ట్ కూడా ఆగుతుంది. ఫ్లైవీల్ బరువైనది, దాని ఊపు ఆగదు. తిరిగే దిశలోనే ఇంకొంచెం ముందుకు జరగాలని చూస్తుంది. నట్ బిగువు సరిపోకపోయినా, ఫ్లైవీల్ బిగుసుకునే షాఫ్ట్ కొసన సన్నబడే భాగం, అంటే టేపర్ మీద నూనె తడి ఉన్నా జరుగుతుంది కూడా. మధ్యలో ఉన్న చిన్న కీ నలుగుతుంది లేదా సగం తెగుతుంది. ఫ్లైవీల్ ముందుకు జరిగితే అయస్కాంతాలు ట్రిగర్ దగ్గరికి ముందే వస్తాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. మీరు చెప్పిన లక్షణాలు రెండూ అడ్వాన్స్ ఎక్కువైన ఇంజన్‌వే. తాడు లాగేటప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంది. పిస్టన్ పైకి చేరకముందే మంట గట్టిగా అందుకుంటే అది వెనక్కి తోస్తుంది, తాడు చేతిని లాగేస్తుంది.

మీ స్క్రూ ప్రయోగం కూడా ఇదే చెబుతోంది. థ్రాటిల్‌తో పాటు తిరిగే టైమర్ బేస్ పై చివర, అంటే ఫుల్ థ్రాటిల్ వైపు, ఎక్కడ ఆగాలో మాత్రమే ఆ స్క్రూ నిర్ణయిస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు బేస్ ఆ చివర దగ్గర ఉండదు. కాబట్టి స్క్రూ తిప్పితే ఫుల్ థ్రాటిల్‌లో అడ్వాన్స్ తగ్గింది, ఇంజన్ మెరుగైంది. తాడు మాత్రం అలాగే తన్నింది. పై చివర ఒక్కటే తప్పయితే తాడు తన్నకూడదు. రెండు చివర్లా అడ్వాన్స్ ఎక్కువగా ఉందంటే మొత్తం టైమింగే పక్కకు జరిగింది. అలా జరపగలిగినవి కొన్నే ఉంటాయి, వాటిలో మొదటిది ఫ్లైవీల్ కీ.

నాలుగైదు డిగ్రీలకే ఇంత రభసా అనిపిస్తుంది. 5000 ఆర్‌పీఎమ్‌లో ఒక చుట్టుకు పట్టేది 12 మిల్లీసెకన్లు. అంటే ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 30 డిగ్రీలు తిరిగిపోతుంది. అదే 800 ఆర్‌పీఎమ్ ఐడిలింగ్‌లో ఒక మిల్లీసెకనుకు 5 డిగ్రీలు కూడా తిరగదు. మిశ్రమం మండటానికి పట్టే సమయం అంతగా తగ్గదు కాబట్టి వేగం పెరిగే కొద్దీ స్పార్క్ ముందుగా రావాలి. థ్రాటిల్ లింకేజీ టైమర్ బేస్‌ను తిప్పేది అందుకే. పాత టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లు చాలా వాటిలో ఐడిలింగ్ టైమింగ్ పిస్టన్ పైస్థానానికి కొద్ది డిగ్రీలు అటో ఇటో ఉంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో 20 నుంచి 30 డిగ్రీల ముందు దాకా వెళ్తుంది. మీ ఇంజన్‌కు సరైన అంకె మాన్యువల్లో ఉన్నదే, పక్కింటి ఇంజన్‌ది కాదు. మొత్తం అడ్వాన్సే పాతిక డిగ్రీలుంటే అందులో అయిదు డిగ్రీలు చిన్న మాట కాదు.

ఇప్పుడు పని. మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఫ్లైవీల్ మీది సున్నా గీత పిస్టన్ నిజమైన పైస్థానాన్ని, అంటే టీడీసీని చూపిస్తోందా లేదా. దీనికి ఫ్లైవీల్ విప్పనక్కర్లేదు.

కిల్ స్విచ్ తాడు తీసేయండి, బ్యాటరీ ఉంటే విడదీయండి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజన్ బాడీకి ఎర్త్ చేయండి. సీడీఐ వైర్లను గాల్లో వదిలేసి ఇంజన్ తిప్పితే యూనిట్ దెబ్బతినొచ్చు, చేతికి షాక్ కొడితే గట్టిగానే కొడుతుంది. పై సిలిండర్ ప్లగ్ రంధ్రంలో, పిస్టన్‌ను పూర్తిగా పైకి చేరకుండా ఆపే పిస్టన్ స్టాప్ బిగించండి. అది లేకపోతే పాత ప్లగ్ పింగాణీ తీసేసి, ఆ గుల్లలో గుండ్రటి మొన ఉన్న బోల్ట్ బిగించి తయారు చేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ మాత్రం దూర్చకండి. అది పక్కకు ఒరిగి ఇరుక్కుంటే పిస్టన్ తలకు గాటు పడుతుంది.

ఫ్లైవీల్ అంచు చుట్టూ కాగితపు టేపు అతికించండి. చేత్తో మెల్లగా సవ్యదిశలో తిప్పుతూ పిస్టన్ స్టాప్‌కు తగిలిన చోట, ముల్లుకు ఎదురుగా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు వెనక్కి తిప్పి మళ్లీ తగిలిన చోట రెండో గీత పెట్టండి. ఈ రెండు గీతల మధ్య దగ్గరి వైపు దూరాన్ని టేపు మీద కొలిచి సగం చేయండి. ఆ మధ్య బిందువే అసలు టీడీసీ. కేవలం ప్లగ్ రంధ్రంలోకి చూసి పిస్టన్ పైకి వచ్చిందని అనుకోవద్దు. పైస్థానం దగ్గర క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదలిక కంటికి తెలియదు. మనం వెతుకుతున్న తేడా ఆ కొన్ని డిగ్రీలదే.

వెనక్కి తిప్పేటప్పుడు కింద వాటర్ పంప్ ఇంపెల్లర్ కూడా వెనక్కి తిరుగుతుంది. దాని రబ్బరు రెక్కలు ఎండి గట్టిపడి ఉంటే విరగొచ్చు. ఎన్నాళ్ల నాటిదో తెలియని ఇంపెల్లర్ అయితే స్టాప్ బదులు పిస్టన్ కదలికను మిల్లీమీటర్లలో చూపే డయల్ గేజ్ వాడండి. సవ్యదిశలోనే తిప్పుతూ పిస్టన్ పైకి వస్తూ పైస్థానానికి 5 మి.మీ. కింద ఉన్నప్పుడు ఒక గీత, దాటి దిగుతూ మళ్లీ 5 మి.మీ. కిందికి వచ్చినప్పుడు ఇంకో గీత పెట్టండి. వాటి మధ్య బిందువు కూడా అదే టీడీసీ.

స్టాప్ తీసేసి, మీరు కనుగొన్న బిందువును ముల్లుకు ఎదురుగా నిలిపి, ఫ్లైవీల్ మీద కంపెనీ చెక్కిన సున్నా గీత ఎక్కడుందో చూడండి. రెండూ ఒకటైతే కీ బాగుంది, నేను పొరబడ్డాను. సున్నా గీత తిరిగే దిశలో ముల్లును దాటిపోయి కనిపిస్తే ఫ్లైవీల్ ముందుకు జరిగినట్టే. ఎన్ని డిగ్రీలో లెక్కించడం తేలిక. తేడాను మిల్లీమీటర్లలో కొలిచి 360తో గుణించి ఫ్లైవీల్ చుట్టుకొలతతో భాగించండి. 200 మి.మీ. వ్యాసం ఉన్న ఫ్లైవీల్‌కు చుట్టుకొలత సుమారు 628 మి.మీ. కాబట్టి ఒక డిగ్రీ అంటే 1.7 మి.మీ. పైన కొంచెం. 7 మి.మీ. తేడా ఉంటే 4 డిగ్రీలు. కొన్ని ఇంజన్లలో ముల్లును అటూ ఇటూ జరపవచ్చు. దాని స్క్రూ ఎవరైనా కదిపారేమో, ముల్లు వంగి ఉందేమో కూడా అప్పుడే చూసేయండి. ముల్లు జరిగినా ఇలాంటి తేడానే కనిపిస్తుంది.

తేడా ఉంటే ఫ్లైవీల్ తీయాల్సిందే. నట్ వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచండి. ఫ్లైవీల్ ఒక్కసారిగా ఊడి పైకి లేస్తే అదే ఆపుతుంది. ఫ్లైవీల్‌ను ఊడలాగే పనిముట్టు, అంటే పుల్లర్ బోల్టులను ఫ్లైవీల్ మధ్యభాగంలో మరలున్న రంధ్రాల్లోనే బిగించండి. అంచు పట్టుకుని లాగే మూడు కాళ్ల పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది, అయస్కాంతాలు ఊడతాయి. పుల్లర్ గట్టిగా బిగిశాక దాని నడిమి బోల్ట్ తల మీద సుత్తితో ఒక్క దెబ్బ చాలు. ముఖం మాత్రం దూరంగా పెట్టండి.

కీని బయటికి తీసి వెలుతురులో పక్క నుంచి చూడండి. బాగున్న కీ పక్కలు నున్నగా ఉంటాయి. దెబ్బతిన్నదానికి మధ్యలో మెట్టు కనిపిస్తుంది. షాఫ్ట్ ఆ చోట 25 మి.మీ. మందం ఉందనుకుంటే, ఒక డిగ్రీకి ఆ మెట్టు 0.22 మి.మీ. మాత్రమే. మీరు స్క్రూతో తగ్గించిన 4 డిగ్రీలకు సరిపడే మెట్టు 0.9 మి.మీ. కంటే తక్కువ. కీ తెగలేదు కదా అని తిరిగి పెట్టేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెట్టు గోటికి తగిలిందంటే ఆ కీ పనికిరాదు.

చాలామంది కీయే ఫ్లైవీల్‌ను పట్టి ఉంచుతుందని అనుకుంటారు. పట్టి ఉంచేది టేపర్. షాఫ్ట్ టేపర్, ఫ్లైవీల్ టేపర్ ఒకదానిలో ఒకటి బిగుసుకోవాలి. ఆ బిగువు నట్ వల్ల వస్తుంది. కీ కేవలం కూర్చోవాల్సిన చోటు చూపిస్తుంది. అందుకే ఇంకా గట్టి ఉక్కుతో కీ చేయించుకుంటే ఉపయోగం లేదు, ఈసారి షాఫ్ట్‌లోని గాడి చీలుతుంది. ఆ ఇంజన్‌కు చెందిన అసలు కీనే వేయండి. రెండు టేపర్లనూ థిన్నర్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, నూనె గానీ గ్రీజు గానీ రాయకండి. నట్‌ను మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. చేతి అంచనాతో బిగించిన నట్ వల్లే ఈ కీలు ఎక్కువగా పోవడం నేను చూశాను. టేపర్ మీద లోతైన గీతలు పడి ఉంటే మాత్రం కొత్త కీ వేసినా ఎక్కువ రోజులు నిలవదు. లేత్ పని తెలిసినవారికి షాఫ్ట్ చూపించండి.

ఫ్లైవీల్ చేతిలో ఉన్నప్పుడే లోపలి అయస్కాంతాలను వేలితో నొక్కి చూడండి. కదిలినా, పగులు కనిపించినా ఆ ఫ్లైవీల్ మార్చండి. జిగురుతో అతికిస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు, నేను ఒప్పుకోను. 200 మి.మీ. ఫ్లైవీల్ అంచు 5000 ఆర్‌పీఎమ్‌లో గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. జరిగిన అయస్కాంతం కూడా టైమింగ్‌ను కలవరపెట్టగలదు. టైమర్ బేస్ చేత్తో తిప్పితే తేలికగా తిరిగి, స్ప్రింగ్ లాగితే వెనక్కి రావాలి. పాత గ్రీజు గట్టిపడి అది మధ్యలో పట్టేస్తే తాడు లాగేటప్పుడు కూడా అడ్వాన్స్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు కూడా తాడు ఇలాగే తంతుంది.

అంతా బిగించాక స్క్రూను మీరు తిప్పక ముందున్న చోటికి తెచ్చి, లైట్‌తో మళ్లీ చూసుకోండి. ఇప్పుడు లైట్ చెప్పేది పిస్టన్‌కు కూడా వర్తిస్తుంది. డయల్ ఉన్న కొత్త రకం లైట్లు కార్ల కోసం చేసినవి. ప్రతి చుట్టుకూ స్పార్క్ ఇచ్చే టూ-స్ట్రోక్ మీద కొన్ని తప్పు అంకె చూపిస్తాయి. డయల్ సున్నా మీద పెట్టి ఫ్లైవీల్ మీది గీతలనే చదవండి. ఫుల్ అడ్వాన్స్‌ను నీళ్ల గొట్టం తగిలించి గట్టు మీద చూడాలని మాత్రం ప్రయత్నించకండి. లోడ్ లేని ఇంజన్ అదుపు దాటి పరుగెడుతుంది. దీన్ని టెస్ట్ ట్యాంక్‌లో చూడాలా, నీటి మీదా, లేక స్టార్టర్‌తో తిప్పుతూ చూడాలా అన్నది మాన్యువల్ చెబుతుంది. తిప్పుతూ చూసేటప్పటి అంకె, నడుస్తున్నప్పటి అంకె వేరుగా ఉండొచ్చు, అది కూడా గమనించండి. తర్వాత థ్రాటిల్ క్యామ్ మీది గుర్తు రోలర్‌కు తగిలే చోటనే కార్బురేటర్లు తెరుచుకోవడం మొదలవుతోందా, రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయా చూసి సరిచేయండి. లింకేజీలోని ప్లాస్టిక్ బాల్ జాయింట్లు అరిగి ఊగుతుంటే ఎంత సరిచేసినా నిలవదు.

నీటి మీదకు వెళ్లే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడటం మరవకండి. రెండు నెలలు ఆ చప్పుడుతో నడిచిన ఇంజన్ ఇది. ప్లగ్గులు రెండూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవండి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే దాని సంగతి ముందు చూడాలి. తీసిన ప్లగ్ తెల్ల పింగాణీ మీద మెరిసే చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు ఉన్నాయేమో చూడండి. అవి పిస్టన్ నుంచి ఊడినవే. కనిపిస్తే హెడ్ విప్పి పిస్టన్ చూడకుండా ఇంజన్ వాడొద్దని నా గట్టి సలహా.

టీడీసీ గీత సరిగ్గానే ఉందని తేలితే దారి మారుతుంది. ముందు టైమర్ బేస్ పట్టేస్తోందేమో చూడండి. తర్వాత ఇంధనం. పలుచటి మిశ్రమం వల్ల కూడా డిటొనేషన్ వస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ బరువెక్కినప్పుడు పక్కవాళ్లను ఇంధన గొట్టంలో ఉండే రబ్బరు ప్రైమర్ బల్బ్ నొక్కమనండి. వెంటనే పుంజుకుంటే లోపం ఇంధన పంపుదో, గొట్టానిదో. సీడీఐ యూనిట్, ట్రిగర్ కాయిల్ చెడితే సాధారణంగా ఒక సిలిండర్ స్పార్క్ పోతుంది, లేదా వేడెక్కాక తడబడుతుంది. టైమింగ్ ఇలా రెండు చివర్లా ఒకే లెక్కన జరగడం అరుదు. అందుకే ఎవరైనా ముందు సీడీఐ మార్చమంటే ఒప్పుకోకండి.

బావగారి పాయింట్ల ఇంజన్‌కు కూడా కీ, టీడీసీ పరీక్ష ఇదే. తేడా ఏమిటంటే ఆయన ఇంజన్‌లో దుంగ తగలకపోయినా టైమింగ్ తనంతట తానే మారుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో స్పార్క్ వస్తుంది. క్యామ్‌కు రాసుకునే చిన్న దిమ్మ అరిగే కొద్దీ గ్యాప్ తగ్గి, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనకబడుతుంది. గ్యాప్ ఎక్కువ పెడితే ముందుకు జరుగుతుంది. ఇలాంటి పాత ఇంజన్లు చాలా వాటికి గ్యాప్ 0.020 అంగుళం, అంటే 0.5 మి.మీ. అయినా ఆయన మాన్యువల్ చూసుకోమనండి. రెండు సిలిండర్లకు రెండు జతల పాయింట్లు ఉంటే రెండింటినీ ఫీలర్ గేజ్‌తో విడివిడిగా సరిచేయాలి. లేకపోతే ఒక సిలిండర్ ముందు, ఒకటి వెనక నడుస్తాయి. గేజ్ పెట్టే ముందు దాని నూనె తుడిచేయమనండి, పాయింట్ల మధ్య ఆ తడి ఉంటే స్పార్క్ బలహీనపడుతుంది. ఒకసారి సరిచేశాక ఫ్లైవీల్‌ను పక్కకు నెట్టి చూడమనండి. క్రాంక్ పై బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే గ్యాప్ ప్రతి చుట్టుకూ మారుతుంది, అప్పుడు ముందు బేరింగ్ మార్చాలి.

ఫ్లైవీల్ తీశాక కీ పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో పంపండి. మెట్టు ఎంత ఉందో చూసి, మీ 4 డిగ్రీల లెక్కతో సరిపోతుందో లేదో చెబుతాను.